టాబ్లెట్‌లో తీసిన ఇంటి వీడియోలు ఎడిటింగ్‌కి కంప్యూటర్‌లోకి ఎలా తెచ్చుకోవాలి: కేబులా, వైఫైనా, పెన్‌డ్రైవా, క్లౌడా?

టాబ్లెట్‌లో వీడియో తీయడం ఈజీనే, కానీ ఎడిటింగ్ దగ్గరికొచ్చేసరికి చాలామందికి కంప్యూటరే కావాలి, టైమ్‌లైన్ మొత్తం పెద్ద స్క్రీన్ మీద కనపడాలి, మౌస్‌తో ఒక్కో ఫ్రేమ్ జరుపుకుంటూ కట్ చేసుకోవాలి. మరి ఆ ఫైల్ ఇక్కడి నుంచి అక్కడికి ఎలా పోవాలి అన్న సంగతి మాత్రం ఎవరూ పెద్దగా ఆలోచించరు, అప్పటికి చేతికి ఏది దొరికితే దాంతో పంపేస్తారు. వీడియో పాడయ్యేది ఎక్కువగా అక్కడే.

ఈ విషయంలో అందరూ మొదట అడిగేది "ఏది ఫాస్ట్" అని. నా ఉద్దేశంలో మొదట చూసుకోవాల్సింది అది కాదు, టాబ్లెట్ తీసిన ఫైలే ఏ మార్పూ లేకుండా అటుపక్క దిగుతోందా లేదా అన్నది చూసుకోవాలి. ఎందుకంటే ఎడిటింగ్ అయ్యాక ఎక్స్‌పోర్ట్ చేసేటప్పుడు వీడియో ఎలాగూ ఒకసారి కంప్రెస్ అవుతుంది, ఆన్‌లైన్‌లో పెడితే వాళ్ళు ఇంకోసారి చేస్తారు, వీటికి తోడు దారిలోనే ముందుగా ఒకసారి నలిగిపోయి వస్తే ముఖాలు మసకగా, చీకటి భాగాలు గళ్ళుగళ్ళుగా తయారవుతాయి, ఆ తర్వాత ఎంత మంచి సాఫ్ట్‌వేర్ పెట్టినా పోయిన డీటెయిల్ తిరిగి రాదు. అందులోనూ ఇవి ఇంటి వీడియోలు. పాప మొదటిసారి నాలుగడుగులు వేసింది, తాతగారు కూర్చుని పాత సంగతులు చెప్పారు, వాటిని రేపు మళ్ళీ తీద్దాంలే అనుకోవడానికి లేదు కదా.

చదివే ఓపిక లేనివాళ్ళకి నా మాట ముందే చెప్పేస్తా. పది నిమిషాలకు మించిన వీడియోలైతే కేబుల్ లేదా టైప్-సి పెన్‌డ్రైవ్. చిన్న చిన్న క్లిప్పులు, అప్పుడప్పుడూ అయితే వైఫై మీద లోకల్‌గా పంపే యాప్. వీడియో తీసినవాళ్ళు ఒక ఊళ్ళో, ఎడిట్ చేసేవాళ్ళు ఇంకో ఊళ్ళో ఉంటే క్లౌడ్. చాట్ యాప్‌లో మామూలు వీడియోలాగా పంపడం మాత్రం ఎప్పుడూ వద్దు. ఎందుకో కింద ఉంది.

ముందు సైజు లెక్క

హెచ్ఈవీసీ అని, హై ఎఫిషియెన్సీ అని సెట్టింగ్స్‌లో కనపడే ఫార్మాట్‌లో 1080పి, సెకనుకి 30 ఫ్రేముల వీడియో నిమిషానికి సుమారు 60 ఎంబీ అవుతుంది. 4కే 30 ఫ్రేములైతే 170 నుంచి 190 ఎంబీ, 4కే 60 ఫ్రేములైతే 400 ఎంబీ పైనే. అదే పాత హెచ్.264 ఫార్మాట్ అయితే దాదాపు రెట్టింపు వేసుకోండి. ఇవి ఐప్యాడ్ కెమెరా లెక్కలు, ఆండ్రాయిడ్ టాబ్లెట్లలో కంపెనీని బట్టి అటూఇటూ ఉంటాయి. ఈ లెక్కన అరగంట 4కే వీడియో అంటే ఐదున్నర జీబీ దగ్గర పడుతుంది.

ఆ ఐదున్నర జీబీ మామూలు యూఎస్‌బీ 2 స్పీడు కేబుల్ మీద మూడు నిమిషాల్లో దిగిపోతుంది. 5 గిగాహెర్ట్జ్ వైఫై ఉండి, టాబ్లెటూ కంప్యూటరూ రెండూ రూటర్‌కి దగ్గర్లో ఉంటే ఒక ఐదు నిమిషాలు. 2.4 గిగాహెర్ట్జ్ వైఫై మీద ఇరవై నిమిషాలు పట్టినా ఆశ్చర్యపోవద్దు. క్లౌడ్‌కి ఎక్కించాలంటే, మీ అప్‌లోడ్ స్పీడు 10 ఎంబీపీఎస్ (సెకనుకి 10 మెగాబిట్లు, ఎనిమిది బిట్లు కలిస్తే ఒక బైట్) ఉందనుకుంటే, ఎక్కడానికే గంటా పావు, మళ్ళీ కంప్యూటర్‌లో డౌన్‌లోడ్ టైమ్ వేరే. చాలా కనెక్షన్లలో డౌన్‌లోడ్ స్పీడు బాగానే ఉంటుంది గానీ అప్‌లోడ్ అందులో సగం కూడా ఉండదు, ప్లాన్ పేరులో కనపడే పెద్ద నంబర్ చూసి లెక్క వేసుకోకండి.

కేబుల్, ఆండ్రాయిడ్ టాబ్లెట్ అయితే

కేబుల్ గుచ్చగానే కంప్యూటర్‌లో ఏమీ కనపడకపోతే కంగారు పడక్కర్లేదు, ఆండ్రాయిడ్ మామూలుగా చార్జింగ్ మోడ్‌లోనే మొదలవుతుంది. టాబ్లెట్ స్క్రీన్ పైనుంచి కిందికి లాగితే యూఎస్‌బీ గురించి ఒక నోటిఫికేషన్ ఉంటుంది, దాన్ని నొక్కి "ఫైల్ ట్రాన్స్‌ఫర్" ఎంచుకోండి. అప్పుడు విండోస్‌లో టాబ్లెట్ పేరు కనపడుతుంది, ఇంటర్నల్ స్టోరేజ్, అందులో డీసీఐఎమ్, అందులో కెమెరా ఫోల్డర్. స్క్రీన్ లాక్ తీసి ఉంచాలి, లాక్ ఉంటే ఫోల్డర్ ఖాళీగా చూపించే టాబ్లెట్లు ఉన్నాయి.

ఇక్కడ ఒక సంగతి తెలుసుకుంటే చాలా తలనొప్పి తగ్గుతుంది. ఈ పద్ధతిని ఎమ్‌టీపీ అంటారు, ఇందులో టాబ్లెట్ ఒక పెన్‌డ్రైవ్‌లాగా డ్రైవ్ లెటర్‌తో కంప్యూటర్‌కి కనపడదు, ఫైల్ కావాలని అడిగితే టాబ్లెట్ ఇస్తుంది అంతే. అందుకే టాబ్లెట్ ఫోల్డర్‌లోంచి క్లిప్‌ని డైరెక్ట్‌గా ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌లోకి లాగితే అది తీసుకోదు, తీసుకున్నా కేబుల్ పీకగానే మీడియా ఆఫ్‌లైన్ అని ఎర్రగా చూపిస్తుంది. ముందు కంప్యూటర్‌లో ప్రాజెక్ట్ కోసం ఒక ఫోల్డర్ పెట్టుకుని అందులోకి కాపీ చేసి, అక్కడి నుంచే ఇంపోర్ట్ చేయాలి. వందల ఫైళ్ళు ఒకేసారి సెలెక్ట్ చేసి కాపీ పెడితే ఎమ్‌టీపీ మధ్యలో బిగుసుకుపోవడం మామూలే, ఇరవై ముప్పై చొప్పున పెట్టుకుంటే సాఫీగా అయిపోతుంది.

మ్యాక్ వాడేవాళ్ళకి ఇంకో మెలిక ఉంది, మ్యాక్‌లో ఎమ్‌టీపీకి సపోర్టే లేదు. దీనికోసం ఆండ్రాయిడ్ ఫైల్ ట్రాన్స్‌ఫర్ అని గూగుల్ ఇచ్చిన ప్రోగ్రామ్ ఒకటి ఉండేది, ఇప్పుడు దాన్ని ఇవ్వడం ఆపేశారు. ఓపెన్ఎమ్‌టీపీ అని ఉచిత ఓపెన్ సోర్స్ ప్రోగ్రామ్ ఉంది, ఆ పని అది చేసిపెడుతుంది. మ్యాక్, ఆండ్రాయిడ్ టాబ్లెట్ జోడీ ఉన్నవాళ్ళకి నేనైతే కేబుల్ కన్నా ముందు పెన్‌డ్రైవే చెప్తా.

కేబుల్, ఐప్యాడ్ అయితే

ఐప్యాడ్ నుంచి విండోస్‌కి తెచ్చుకునేవాళ్ళు ఈ ఒక్క భాగం మాత్రం వదలకుండా చదవండి. ఐప్యాడ్ సెట్టింగ్స్‌లో ఫొటోస్‌కి వెళ్ళండి, కొత్త వెర్షన్లలో అది సెట్టింగ్స్‌లో యాప్స్ అనే దాని లోపల ఉంటుంది, అక్కడ బాగా కిందికి పోతే "ట్రాన్స్‌ఫర్ టు మ్యాక్ ఆర్ పీసీ" అని ఉంటుంది, రెండు ఆప్షన్లు, "ఆటోమేటిక్", "కీప్ ఒరిజినల్స్". మామూలుగా ఆటోమేటిక్ మీద ఉంటుంది. అలా ఉంటే కాపీ చేస్తున్నప్పుడే ఐప్యాడ్ ఆ హెచ్ఈవీసీ వీడియోని పాత హెచ్.264లోకి మార్చుకుంటూ పంపిస్తుంది. అంటే మీరు కేబుల్ పెట్టి మరీ కాపీ చేసినా వచ్చింది ఒరిజినల్ కాదు, దాని నుంచి ఐప్యాడ్ తయారుచేసిన ఇంకో ఫైల్. పెద్ద వీడియోల మీద ఈ మార్పిడి మధ్యలో ఆగిపోయి "ఎ డివైస్ అటాచ్డ్ టు ది సిస్టమ్ ఈజ్ నాట్ ఫంక్షనింగ్" అని విండోస్ ఒక మెసేజ్ చూపిస్తుంది, దాంతో పాపం చాలామంది కేబుల్ పోయిందనుకుని కొత్తది కొంటారు. ముందు ఆ సెట్టింగ్‌ని కీప్ ఒరిజినల్స్‌కి మార్చి కేబుల్ తీసి మళ్ళీ పెట్టండి, ఎక్కువసార్లు ఆ ఎర్రర్ అక్కడితో పోతుంది, పైగా ఫైల్ ఫైల్‌లాగే వస్తుంది.

మొదటిసారి కనెక్ట్ చేసినప్పుడు ఐప్యాడ్ మీద "ట్రస్ట్" అని అడుగుతుంది, ఒప్పుకోవాలి. విండోస్‌లో మైక్రోసాఫ్ట్ స్టోర్ నుంచి యాపిల్ డివైసెస్ అనే యాప్ వేసుకుని ఉంటే కనెక్షన్ గొడవలు తక్కువ. మ్యాక్‌లో అయితే ఫొటోస్ యాప్‌లోకి ఇంపోర్ట్ చేయకండి, అది మొత్తం తన లైబ్రరీ లోపల పెట్టుకుంటుంది, ఎడిటింగ్‌కి ఫైల్ కావాలంటే మళ్ళీ బయటికి ఎక్స్‌పోర్ట్ చేయాలి. దాని బదులు మ్యాక్‌లోనే ఉండే ఇమేజ్ క్యాప్చర్ అనే చిన్న ప్రోగ్రామ్ తెరవండి, ఐప్యాడ్‌లోని క్లిప్పులన్నీ లిస్టులో చూపిస్తుంది, కావాల్సినవి సెలెక్ట్ చేసి నేరుగా మీ ప్రాజెక్ట్ ఫోల్డర్‌లోకి దించుకోవచ్చు. ఎందుకో గానీ దీని గురించి తెలిసినవాళ్ళు చాలా తక్కువ, నాకు మాత్రం మ్యాక్‌లో ఈ పనికి ఇంతకన్నా సుఖమైంది కనపడలేదు.

ఇంకో రెండు విషయాలు. ఐక్లౌడ్ ఫొటోస్ ఆన్‌లో ఉండి "ఆప్టిమైజ్ ఐప్యాడ్ స్టోరేజ్" పెట్టి ఉంటే ఒరిజినల్ వీడియోలు ఐప్యాడ్‌లో ఉండకపోవచ్చు, అవి ఐక్లౌడ్‌లో ఉంటాయి, ఐప్యాడ్‌లో చిన్న కాపీ మాత్రమే ఉంటుంది. కేబుల్ పెట్టినప్పుడు కొన్ని వీడియోలు అసలు లిస్టులోనే లేకపోతే కారణం చాలావరకు ఇదే. ఇంక ఐప్యాడ్‌లోనే ఒకసారి ట్రిమ్ చేసిన వీడియో ఉంటే ఐఎమ్‌జీ అని మొదలయ్యే పేరుతో ఒకటి, ఐఎమ్‌జీ అండర్‌స్కోర్ ఈ అని మొదలయ్యే పేరుతో ఇంకొకటి, రెండు ఫైళ్ళు రావచ్చు, ఆ "ఈ" ఉన్నది మీరు ట్రిమ్ చేసింది, లేనిది పూర్తి వీడియో. ఏఏఈ అనే బుల్లి ఫైళ్ళు కూడా పక్కన కనపడతాయి, అవి ఎడిట్ సమాచారం మాత్రమే, ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌కి వాటితో పనిలేదు.

టైప్-సి పోర్ట్ ఉంది కదా, ఇంకా స్లో ఎందుకు?

టైప్-సి అన్నది ఆ పోర్ట్ ఆకారం పేరు, స్పీడు వేరే సంగతి. 10వ తరం ఐప్యాడ్‌కి టైప్-సి ఉంది కానీ లోపల స్పీడు 480 ఎంబీపీఎస్సే, అంటే పాత యూఎస్‌బీ 2 స్పీడు. 2018 ఐప్యాడ్ ప్రో నుంచి 10 జీబీపీఎస్ వచ్చింది, 2021లో ఎమ్1 చిప్‌తో వచ్చిన ప్రోకి థండర్‌బోల్ట్ అనే ఇంకా వేగమైన కనెక్షన్, 40 జీబీపీఎస్ దాకా. లైట్నింగ్ అనే యాపిల్ పాత పోర్ట్ ఉన్న మామూలు ఐప్యాడ్ అయితే 480 ఎంబీపీఎస్ దగ్గరే ఆగుతుంది. ఆండ్రాయిడ్‌లోనూ ఇంతే, తక్కువ ధర టాబ్లెట్లలో ఎక్కువ శాతం యూఎస్‌బీ 2, ఖరీదైనవాటిలో యూఎస్‌బీ 3. మీ మోడల్ స్పెసిఫికేషన్ పేజీలో యూఎస్‌బీ అన్న చోట ఏ నంబర్ రాసుందో ఒకసారి చూస్కోండి.

పోర్ట్ ఫాస్ట్ అయినా కేబుల్ స్లో అయితే లాభం లేదు. బాక్స్‌లో వచ్చేవి ఎక్కువగా చార్జింగ్ కోసం ఇచ్చిన కేబుళ్ళు, డేటా విషయంలో అవి యూఎస్‌బీ 2 స్పీడే. వారానికోసారి పదుల జీబీలు దించేవాళ్ళు మాత్రమే 10 జీబీపీఎస్ అని రాసి ఉన్న కేబుల్ కొనుక్కుంటే సరిపోతుంది, నెలకోసారి ఒక వీడియో చేసుకునేవాళ్ళకి మూడు నిమిషాల పని ముప్పై సెకన్లకి తగ్గినంత మాత్రాన ఒరిగేదేమీ లేదు.

వైఫై మీద లోకల్‌గా

ఇక్కడ ఇంటర్నెట్ డేటా ఖర్చు కాదు, ఫైల్ మీ ఇంట్లోనే ఒక మిషన్ నుంచి ఇంకో మిషన్‌కి పోతుంది. ఐప్యాడ్, మ్యాక్ జోడీకి ఎయిర్‌డ్రాప్ ఉంది, దానికి రూటర్ కూడా అక్కర్లేదు, బ్లూటూత్‌తో ఒకదాన్నొకటి వెతుక్కుని వైఫైతో నేరుగా పంపుకుంటాయి. పంపేముందు షేర్ విండో పైన "ఆప్షన్స్" నొక్కి "ఆల్ ఫొటోస్ డేటా" ఆన్ చేయండి, అప్పుడు ఒరిజినల్‌తో సహా పోతుంది, లేకపోతే ఐప్యాడ్‌లో మీరు ట్రిమ్ చేసిన వెర్షన్ మాత్రమే పోతుంది. ఆండ్రాయిడ్, విండోస్ జోడీకి క్విక్ షేర్, ఇదివరకు నియర్‌బై షేర్ అనేవాళ్ళు, 2024లో పేరు మారింది, విండోస్‌కి కూడా దీని ప్రోగ్రామ్ ఉంది.

జోడీ కలవనప్పుడు, అంటే ఐప్యాడ్‌కి విండోస్, ఆండ్రాయిడ్‌కి మ్యాక్, లేదా లినక్స్ ఉన్నప్పుడు, లోకల్‌సెండ్ అన్నిటికన్నా బాగుంటుంది. ఉచితం, ఓపెన్ సోర్స్, అకౌంట్ తెరవక్కర్లేదు, రెండు పక్కలా యాప్ తెరిస్తే ఒకదానికొకటి కనపడతాయి. కనపడకపోతే మూడు చోట్ల చూడండి. రెండూ ఒకే వైఫైలో ఉన్నాయా, గెస్ట్ వైఫై అయితే అందులోని మిషన్లు ఒకదానితో ఒకటి మాట్లాడుకోకుండా రూటరే ఆపుతుంది. విండోస్‌లో ఆ నెట్‌వర్క్ "పబ్లిక్" అని ఉందా, ఇంటి వైఫైనే కాబట్టి "ప్రైవేట్"కి మార్చండి. ఇంక వీపీఎన్ ఏదైనా ఆన్‌లో ఉంటే కాసేపు ఆపండి.

ఐప్యాడ్‌లో ఒక జాగ్రత్త, ఇలాంటి యాప్‌లు ఫొటోస్‌లోంచి వీడియో తీసుకునేటప్పుడు ఐప్యాడ్ దాన్ని ఫార్మాట్ మార్చి ఇచ్చే అవకాశం ఉంది, వీడియో సెలెక్ట్ చేశాక "ప్రిపేరింగ్" అని గుండ్రంగా చాలాసేపు తిరుగుతుంటే అనుమానించండి, అటుపక్క దిగాక సైజు సరిచూసుకోండి.

వైఫైకి ఉన్న అసలు బలహీనత పెద్ద ఫైళ్ళ దగ్గర బయటపడుతుంది. టాబ్లెట్ స్క్రీన్ ఆరిపోగానే చాలా యాప్‌లు పంపడం ఆపేస్తాయి, ఎనిమిది జీబీ ఫైల్ తొంభై శాతం దగ్గర ఆగితే మళ్ళీ మొదటి నుంచి. అందుకే నేను వైఫైని ఒకటి రెండు జీబీల లోపు వాటికే అంటాను, పెద్దదే పంపాలంటే స్క్రీన్ ఆరకుండా సెట్టింగ్ మార్చి, చార్జర్ పెట్టి పంపండి.

రోజూ ఈ పని ఉన్నవాళ్ళకి ఇంకో దారి, కంప్యూటర్‌లో ఒక ఫోల్డర్‌ని నెట్‌వర్క్‌లో షేర్ చేసి పెట్టుకోవడం. ఐప్యాడ్‌లో ఫైల్స్ యాప్ లోపల మూడు చుక్కలు నొక్కితే "కనెక్ట్ టు సర్వర్" ఉంటుంది, ఆండ్రాయిడ్‌లో మంచి ఫైల్ మేనేజర్ యాప్‌లన్నిటిలో నెట్‌వర్క్ అని ఉంటుంది. ఒకసారి సెట్ చేసుకోవడం కొంచెం విసుగే, ఆ తర్వాత అది టాబ్లెట్‌లో ఇంకో ఫోల్డర్‌లాగా ఉండిపోతుంది.

పెన్‌డ్రైవ్, ఎస్ఎస్‌డీ, మెమరీ కార్డ్

నిజం చెప్పాలంటే నాకు అన్నిటికన్నా ఇష్టమైన పద్ధతి ఇదే. ఒక పక్క టైప్-సి, ఇంకో పక్క మామూలు యూఎస్‌బీ ఉన్న పెన్‌డ్రైవ్‌లు దొరుకుతాయి, టాబ్లెట్‌కి గుచ్చి కాపీ చేసి, తీసి కంప్యూటర్‌కి గుచ్చడమే. డ్రైవర్లు లేవు, మోడ్‌లు లేవు, మ్యాకా విండోసా అన్న గొడవ లేదు. ఐప్యాడ్‌లో 2019లో వచ్చిన ఐప్యాడ్ఓఎస్ 13 నుంచి ఫైల్స్ యాప్‌లో పెన్‌డ్రైవ్ కనపడుతోంది.

చూసుకోవాల్సింది డ్రైవ్ ఫార్మాట్, అంటే డ్రైవ్ ఫైళ్ళని లోపల సర్దుకునే పద్ధతి, ఒక్కటే. కొత్త పెన్‌డ్రైవ్ ఫ్యాట్32లో ఉంటే 4 జీబీ దాటిన ఫైల్ ఒక్కటి కూడా అందులోకి ఎక్కదు, డ్రైవ్‌లో వంద జీబీ ఖాళీ ఉన్నా సరే చోటు లేదనో, ఫైల్ పెద్దదనో చెప్తుంది. ఎన్‌టీఎఫ్ఎస్‌లో ఉంటే మ్యాక్ చదువుతుంది గానీ రాయనివ్వదు, చాలా ఆండ్రాయిడ్ టాబ్లెట్లు అసలు చదవవు. ఎక్స్‌ఫ్యాట్‌లో పెట్టుకోండి, విండోస్, మ్యాక్, ఐప్యాడ్ మూడిట్లోనూ రాయడం చదవడం రెండూ అవుతాయి, ఈమధ్య వచ్చిన ఆండ్రాయిడ్ టాబ్లెట్లు చాలావరకు తీసుకుంటాయి. ఫార్మాట్ చేస్తే అందులో ఉన్నదంతా పోతుంది కాబట్టి ముందు ఖాళీ చేసుకోండి. ఎక్స్‌ఫ్యాట్‌తో ఇంకో మాట, రాస్తుండగా పీకేస్తే ఫైల్ సిస్టమ్ దెబ్బతింటుంది. విండోస్‌లో, మ్యాక్‌లో, ఆండ్రాయిడ్‌లో ఎజెక్ట్ కొట్టే తీయండి, ఐప్యాడ్‌లో ఆ బటన్ లేకపోతే కాపీ పూర్తిగా అయిందని చూసి, ఒక్క నిమిషం ఆగి తీయండి.

ఎస్ఎస్‌డీ, అంటే పెన్‌డ్రైవ్ కన్నా వేగంగా నడిచే బయటి డ్రైవ్ అయితే ఇంకా లాభం, దాని మీద నుంచే నేరుగా ఎడిట్ చేసుకోవచ్చు, కంప్యూటర్‌లోకి మళ్ళీ కాపీ చేసే పనే ఉండదు. చౌక పెన్‌డ్రైవ్‌ల మీద అలా చేయకండి, టైమ్‌లైన్ ప్రతిచోటా ఆగి ఆగి నడుస్తుంది. లైట్నింగ్ పోర్ట్ ఉన్న ఐప్యాడ్‌కి ఎస్ఎస్‌డీ నడిపేంత కరెంట్ ఇచ్చే శక్తి ఉండదు, పక్కన చార్జర్ పెట్టుకునే వీలున్న అడాప్టర్ కావాలి.

ఆండ్రాయిడ్ టాబ్లెట్‌కి మెమరీ కార్డ్ స్లాట్ ఉంటే కెమెరా సెట్టింగ్స్‌లో సేవ్ అయ్యే చోటు కార్డ్‌కి మార్చుకుని, కార్డ్ తీసి రీడర్‌లో పెట్టడం బాగా సులువు. కాకపోతే ఆ కార్డ్‌ని ఇంటర్నల్ స్టోరేజ్‌గా ఫార్మాట్ చేసి ఉంటే అది ఎన్‌క్రిప్ట్ అయి ఉంటుంది, కంప్యూటర్‌లో పెడితే చదవదు. పోర్టబుల్ స్టోరేజ్‌గా ఉండాలి.

క్లౌడ్, చాట్ యాప్‌లు

క్లౌడ్ చెడ్డదేం కాదు, పక్క గదిలో ఉన్న కంప్యూటర్‌కి ఆకాశం మీదుగా ఎందుకు అన్నదే నా ప్రశ్న. దూరంగా ఉన్న అక్క తీసిన క్లిప్పులు మీరు ఎడిట్ చేయాలంటే మాత్రం ఇదే దారి. ఉచితంగా వచ్చే చోటు గూగుల్‌లో 15 జీబీ, అది మెయిల్, ఫొటోస్, డ్రైవ్ మూడిటికీ కలిపి. ఐక్లౌడ్‌లో 5, వన్‌డ్రైవ్‌లో 5, డ్రాప్‌బాక్స్‌లో 2. డ్రైవ్‌లో ఫైల్‌గా ఎక్కిస్తే మారదు. కానీ గూగుల్ ఫొటోస్‌లో బ్యాకప్ క్వాలిటీ "స్టోరేజ్ సేవర్" మీద ఉంటే వీడియో కంప్రెస్ అవుతుంది, 4కే కాస్తా 1080పి అయిపోతుంది, కాబట్టి "ఒరిజినల్ క్వాలిటీ" ఉందో లేదో చూడాలి. డ్రైవ్ నుంచి ఫోల్డర్ మొత్తం డౌన్‌లోడ్ చేస్తే నాలుగైదు జిప్ ముక్కలుగా వస్తుంది, కొన్ని పెద్ద వీడియోలు జిప్ బయట విడిగా దిగుతాయి, అన్నీ దిగాయో లేదో లెక్క పెట్టుకోండి.

వాట్సాప్‌లో వీడియోగా పంపితే సైజు బాగా తగ్గిపోతుంది, రిజల్యూషన్ కూడా. తప్పనిసరై పంపాల్సివస్తే "డాక్యుమెంట్"గా పంపండి, 2 జీబీ దాకా ఫైల్ మారకుండా పోతుంది. టెలిగ్రామ్‌లోనూ "ఫైల్"గా పంపితే ఉచిత అకౌంట్‌లో 2 జీబీ దాకా అంతే.

దిగింది ఒరిజినలేనా?

టాబ్లెట్‌లో ఆ వీడియో సమాచారం తెరిచి సైజు చూడండి, కంప్యూటర్‌లో ప్రాపర్టీస్ చూడండి, రెండూ కలవాలి. ఎంబీ, జీబీలని ఒకచోట 1024తో, ఇంకోచోట 1000తో లెక్కేస్తారు కాబట్టి ఐదు నుంచి ఏడు శాతం తేడా కనపడితే పర్లేదు, సగానికి సగం తేడా ఉంటే దారిలో ఏదో జరిగినట్టే. మీడియాఇన్ఫో అనే ఉచిత ప్రోగ్రామ్‌లో ఫైల్ తెరిస్తే కోడెక్ (వీడియోని ఏ పద్ధతిలో కుదించారో), బిట్‌రేట్ (సెకనుకి ఎంత డేటా), ఫ్రేమ్ రేట్ అన్నీ వివరంగా చూపిస్తుంది.

అందులోనే "ఫ్రేమ్ రేట్ మోడ్" అని ఒక లైను ఉంటుంది, దాని మీద ఒక కన్నేయండి. టాబ్లెట్లు, ఫోన్లు వెలుతురుని బట్టి ఫ్రేముల మధ్య దూరాన్ని అటూఇటూ మారుస్తూ రికార్డ్ చేస్తాయి, అక్కడ "వేరియబుల్" అని ఉంటుంది. కొన్ని ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్లు దీన్ని సరిగ్గా పట్టుకోవు, మొదట్లో బాగానే ఉండి పది నిమిషాలు గడిచేసరికి మాట ఒకచోట, పెదాలు ఒకచోట అయిపోతాయి. ట్రాన్స్‌ఫర్ పాడైందని మళ్ళీ మళ్ళీ కాపీ చేసుకుంటారు, తప్పు అక్కడ లేదు. హ్యాండ్‌బ్రేక్ అనే ఉచిత ప్రోగ్రామ్‌లో "కాన్‌స్టంట్ ఫ్రేమ్ రేట్" ఎంచుకుని, క్వాలిటీ ఎక్కువగా పెట్టి ఒక కాపీ తయారుచేసుకుని దాన్ని ఎడిట్ చేయండి, ఒరిజినల్ పక్కన అలాగే ఉంచండి. ఇది కూడా ఒక కంప్రెషనే, కాబట్టి సింక్ తప్పిన క్లిప్పులకే చేయండి, అన్నిటికీ అక్కర్లేదు.

విండోస్‌లో మాట వినపడి బొమ్మ నల్లగా ఉంటే హెచ్ఈవీసీ కోడెక్ లేదని అర్థం, మైక్రోసాఫ్ట్ స్టోర్‌లో హెచ్ఈవీసీ వీడియో ఎక్స్‌టెన్షన్స్ అని చిన్న మొత్తానికి అమ్ముతారు. ఒట్టి చూడటానికైతే వీఎల్‌సీ చాలు.

ఎడిట్ అయ్యాక తిరిగి టాబ్లెట్‌లోకి

ఈ వైపు బెంగ తక్కువ, ఎందుకంటే ఎక్స్‌పోర్ట్ ఎలా ఉండాలో మీ చేతిలోనే ఉంది. ఎమ్‌పీ4, హెచ్.264, ఆడియో ఏఏసీ, ఇలా పెడితే ఆడని టాబ్లెట్ దాదాపు ఉండదు. 1080పి 30 ఫ్రేములకి 8 ఎంబీపీఎస్ బిట్‌రేట్ యూట్యూబ్ అప్‌లోడ్‌లకి సూచించే లెక్క, నిమిషానికి 60 ఎంబీ అవుతుంది, ఇంట్లో చూసుకోవడానికి సరిపోతుంది, కదలికలు ఎక్కువుంటే 12 పెట్టుకోండి. ఆండ్రాయిడ్‌లో మూవీస్ ఫోల్డర్‌లో వేస్తే గ్యాలరీలో కనపడుతుంది. ఐప్యాడ్‌కి మ్యాక్ నుంచి ఎయిర్‌డ్రాప్, విండోస్ నుంచి అయితే ఐప్యాడ్‌లో వీఎల్‌సీ వేసుకుని అందులో వైఫై షేరింగ్ ఆన్ చేస్తే ఒక అడ్రస్ చూపిస్తుంది, అది కంప్యూటర్ బ్రౌజర్‌లో టైప్ చేసి ఫైల్‌ని లాగి వదిలేస్తే చాలు.

సగం ఎడిట్ టాబ్లెట్‌లో చేసి మిగతాది కంప్యూటర్‌లో చేద్దాం అనుకునేవాళ్ళు మాత్రం యాప్‌ని ముందే చూసి ఎంచుకోవాలి. ఐమూవీ ప్రాజెక్ట్ ఐప్యాడ్ నుంచి మ్యాక్‌కి పోతుంది, మ్యాక్ నుంచి వెనక్కి రాదు. 2023లో ఐప్యాడ్‌కి వచ్చిన ఫైనల్ కట్ ప్రో కూడా అలాగే ఒకవైపు దారే. డావిన్చి రిజాల్వ్‌కి 2022 చివర్లో ఐప్యాడ్ వెర్షన్ వచ్చింది, అందులో ప్రాజెక్ట్ రెండువైపులా తిరుగుతుంది, విండోస్‌లోనూ తెరుచుకుంటుంది, కాకపోతే కొత్త వెర్షన్‌లో సేవ్ చేసింది పాత వెర్షన్‌లో తెరుచుకోదు కాబట్టి రెండు పక్కలా ఒకే వెర్షన్ ఉంచుకోండి. నన్నడిగితే అటూఇటూ తిరిగే అవసరం ఉన్నవాళ్ళు రిజాల్వ్‌తోనే మొదలుపెట్టడం మంచిది, సగం పనయ్యాక యాప్ మార్చడం చాలా కష్టం.

ఇంక టాబ్లెట్ నిండిపోయిందని వీడియోలు డిలీట్ చేసేముందు, కంప్యూటర్‌లో ప్రతి పెద్ద క్లిప్పునీ చివరి పది సెకన్ల దగ్గరికి జరిపి ఆడించి చూడండి, కాపీ మధ్యలో తెగిన ఫైల్ మొదట్లో బాగానే ఆడి చివర్లోనే దొరుకుతుంది. ఇంకో డ్రైవ్‌లో రెండో కాపీ ఉన్నాకే తీసేయండి. ఐప్యాడ్‌లో డిలీట్ చేసినవి "రీసెంట్లీ డిలీటెడ్"లో 30 రోజులు ఉంటాయి, ఈలోపు ఏదైనా తేడా కనపడితే వెనక్కి తెచ్చుకోవచ్చు, కానీ అక్కడి నుంచి కూడా తీసేసేదాకా స్టోరేజ్ మాత్రం ఖాళీ అవ్వదు.